బొటనవేలు పట్టని కత్తెర

పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు నా చేతిని చూసేవాళ్ళు, తర్వాత వేలితో నొక్కేవాళ్ళు. నొక్కిన చోట గుంట పడేది. ఆ గుంట మెల్లగా పూడుకుంటుంటే కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. ఒకావిడ మొదటిసారి సరిగ్గా కనపడలేదని రెండోసారి ఇంకాస్త గట్టిగా నొక్కింది. చెయ్యి నాదే. అయినా అది నాక్కూడా పులిసి పొంగిన మైదాపిండి ముద్దలాగే కనిపించేది. చర్మం సాగి, మెరిసి, అరచేతి వెనక ముడతలన్నీ చెరిగిపోయి ఉండేవి. దాన్ని చూస్తే నాకు రోత పుట్టేది. నొక్కే వేళ్ళను చూస్తే ఇంకా రోత పుట్టేది.

నేను జాకెట్లు కుట్టే మనిషిని. గుంటూరు నుంచి ఒంగోలు వైపు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. చుట్టూ పత్తి, మిరప. కుట్టుపని నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో నాకు బాగా అతికినట్టుండే జాకెట్టు ఒకటి కుట్లు విప్పి, ముక్కలన్నీ నేలమీద పరిచి, ఏ ముక్క ఎంత ఉందో టేపుతో చూసుకుని లెక్క పట్టాను. ఛాతీ చుట్టుకొలతలో ఎన్నో వంతు చంక లోతు కావాలి, భుజం ఎంత జారితే మెడ లేవకుండా ఉంటుంది, ఇవన్నీ నా అంతట నేను కనుక్కున్నవే. ఎదుటి మనిషి వాకిట్లో నిలబడితే ముందు ఆమె కొలత కనపడుతుంది నాకు. ముఖం తర్వాత.

అలాంటి దాన్ని నా చేతుల కొలత నాకు తెలియకపోతుందా. ఒకప్పుడు నేను బాగా లావు మనిషిని. మోచేతికి పైన చుట్టుకొలత పద్దెనిమిది అంగుళాలు ఉండేది. సుగరు వచ్చాక డాక్టరు బరువు తగ్గకపోతే కష్టమన్నాడు. రాత్రి అన్నం మానేసి, కాలువ గట్టు మీద నడిచి నడిచి తగ్గాను. కొవ్వు పోయింది కానీ దాన్ని మోసిన తోలు ఎక్కడికీ పోలేదు. చెయ్యి చాపితే మోచేతి దగ్గర్నుంచి చంక దాకా ఖాళీ సంచిలా వేలాడేది. లోపల ఉన్నది పదకొండు అంగుళాల చెయ్యే. మిగిలిందంతా గుడ్డలో వదిలేసిన లూజు. కుట్టుకోడానికి లేదు, కత్తిరించడానికి లేదు.

పని దగ్గర అది పెట్టిన బాధ ఇంకెవరికీ చెప్పుకోలేనిది. బల్ల మీద గుడ్డ పరిచి చాక్‌తో గీతలు గీసుకుని, కత్తెర తీసుకుని ముందుకు వంగితే, వేలాడే ఆ తోలు గుడ్డ మీద ఈడ్చుకుంటూ పోయి నా గీతల్ని నేనే చెరిపేసేదాన్ని. ఎండాకాలం అయితే ఆ మడతలో చెమట చేరి, ఎర్రగా ఒరుసుకుపోయి, పుండయ్యేది. పౌడరు వేస్తే చెమటతో కలిసి ముద్దయ్యేది. వాసన వచ్చేది. ఖాతాదారు ఎవరైనా దగ్గరగా నిలబడితే కొలత తీసుకోడానికి చేతులెత్తడం మానేశాను. నువ్వే పట్టుకో అమ్మా అని టేపు వాళ్ళకే ఇచ్చేదాన్ని. మందులు రాసిన చర్మం డాక్టరు చివరికి, ఇది రాసే మందుతో పోదు, తోలు తీయించుకోండి అని గుంటూరులో ఒక ఆసుపత్రికి పంపాడు. రెండు చేతులకీ చంక నుంచి మోచేతి దాకా కోసి, మిగులు తీసేసి, కుట్టి పంపారు. కుట్లు నేను చూశాను. సన్నగా, సమంగా ఉన్నాయి. పనిలో వంక పెట్టడానికి లేదు.

ఇంటికి పంపే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నూ కూర్చోబెట్టి చెప్పింది.

"వాపు ఇప్పుడు పైన ఉంది. ఇక్కడితో ఆగదు, ఆ నీరు కిందికి దిగుతుంది. ముంజేతికీ, వేళ్ళకీ వస్తుంది. భయపడొద్దు. చేతుల కింద దిండ్లు పెట్టుకుని గుండె కంటే ఎత్తులో ఉంచండి. పిడికిలి మూసి తెరుస్తూ ఉండండి. ఈ ప్రెషర్ స్లీవు తీయొద్దు. ఉంగరాలు, గాజులు వద్దు."

ప్రెషర్ స్లీవంటే భుజం నుంచి మణికట్టు పైదాకా బిగుతుగా పట్టుకుని ఉండే సాగుడు గుడ్డ తొడుగు. వాపును అదిమి పెట్టడానికి. నేను డాక్టరమ్మను ఒక్కటే అడిగాను, కత్తెర ఎప్పుడు పట్టుకోవచ్చు అని.

"వాపు దిగి, వేళ్ళు మామూలుగా అయితే పట్టుకోవచ్చు."

నాకు కావాల్సింది అదొక్కటే. కుడి బొటనవేలు కత్తెర రింగులోకి దూరాలి. దూరిన తర్వాత కత్తెర ఎంత నొక్కుతున్నానో వేలికి తెలియాలి. చేతులు అందంగా కనపడాలని కోయించుకున్నానని ఊరంతా అనుకున్నారు. అనుకోనీ. వేలు పోతే నాకు పని లేదు. పని లేకపోతే నేనేమిటో నాకు తెలియదు.

ఇంటికి రాగానే మా అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది. ముఖం చూడలేదు, కట్లు చూడలేదు. మణికట్లు చూసింది.

"గాజులేవే?"

"ఆపరేషన్‌కి ముందు నర్సులు తీయించారు అత్తయ్యా. వాపు దిగేదాకా వేసుకోవద్దన్నారు."

"మొగుడు పక్కన నిలబడి ఉండగా బోసిచేతులతో గుమ్మం తొక్కుతావా? ఆ డాక్టరమ్మకేం తెలుసు. ఆవిడ చేతికున్నాయా అసలు?"

మా అత్తయ్య చేతులు ఎన్నో ఏళ్ళుగా బోసివే. మా మావయ్య పోయినప్పటి నుంచీ. ఆవిడ ఆ మాట అన్నప్పుడు నేను ఆవిడ చేతుల వైపు చూడలేదు. తర్వాత శుక్రవారం పొద్దున సబ్బు నీళ్ళ గిన్నె, ఆకుపచ్చ గాజుల పొట్లం తెచ్చి నా మంచం పక్కన కూర్చుంది. మా ఆయన వాకిట్లో బండి తుడుస్తున్నారు. వింటున్నారు. లోపలికి రాలేదు.

"వద్దులే అత్తయ్యా" అన్నాను.

"టూ సిక్స్ తెచ్చాలే. నీకు టూ ఫోరే సరిపోద్ది. వదులుగా ఉండాలని పెద్దవి తెచ్చా."

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఒప్పుకునే ముందు టేపు తెమ్మని కొలిచాను. టూ సిక్స్ గాజంటే లోపల అడ్డంగా రెండు అంగుళాలూ, మరో ఆరు పదహారో వంతులూ. దాని చుట్టు ఎంతవుతుందో నాకు ఎవరూ నేర్పలేదు. ఎప్పుడో గాజు లోపల దారం తిప్పి చూసుకుని, అడ్డానికి మూడింతలూ ఇంకో ఏడో వంతూ వస్తుందని తెలుసుకున్నాను. అంటే ఏడున్నర అంగుళాలకు కాస్త తక్కువ. ఆ పొద్దున నా మణికట్టు ఆరున్నర. దాదాపు అంగుళం లూజు ఉంది. జాకెట్టు చేతికి అంగుళం లూజంటే చాలా ఎక్కువ. లెక్క సరిగ్గా ఉంది. అందుకే చెయ్యి ఇచ్చాను.

లెక్కలో తప్పు లేదు. కొలిచిన వస్తువే నిలబడి ఉండేది కాదు. కొలత తీసుకున్నాక జాకెట్టు చేతికిచ్చేదాకా మనిషి మారదని అలవాటు పడ్డదాన్ని. నీరు కిందికి దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా దిగని నీటికి నేను చోటు వదల్లేదు.

కుడి చేతికి డజను, ఎడమ చేతికి డజను వేసింది. వేసి, రెండు చేతులూ పట్టుకుని చూసుకుని, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంది. తర్వాత నా కత్తెర తెచ్చి, తుప్పు పట్టకుండా ఆముదం రాసి, దిండు కింద పెట్టింది. రోగి మనిషి దగ్గర ఇనుము ఉండాలట.

ఆ తర్వాత జనం మొదలయ్యారు. మా పక్కింటావిడ బ్రెడ్డు పొట్లం, నాలుగు యాపిల్ పళ్ళు మంచం మీద పెడుతూనే అడిగింది.

"తీసిన తోలు ఎంత తూగింది వదినా?"

"రెండూ కలిపి కేజీంపావు అన్నారు." నేను అడిగి తెలుసుకున్న లెక్కే అది.

"చికెన్ కొట్టు వాడైతే అది కూడా తూకంలో కలిపి అమ్మేవాడు. ఇప్పుడు నువ్వు స్కిన్‌లెస్ అన్నమాట."

"నవ్వించకే దాన్ని, కుట్లు కదులుతాయి" అంది మా అత్తయ్య.

"నవ్వడం లేదుగా పిన్నీ, మూతి ముడుచుకునే కూర్చుంది. అది సరే గానీ వదినా, ఆ తోలు ఏం చేశారు? ఎక్కడ పారేశారు?"

"నేనడగలేదు."

"అడగొద్దూ మరి? మనూళ్ళో చికెన్ కొట్టు వెనక చూడు, ఎన్ని కుక్కలో."

ఆ రోజు అన్నం ముందు కూర్చుంటే నాకు ఆ కుక్కలే కనపడ్డాయి. పళ్ళెంలో ఉన్నది పథ్యం. వెల్లుల్లి కారం, పండుమిరపకాయ పచ్చడి, పైన వేడి నెయ్యి. నీళ్ళు మాత్రం చిన్న గ్లాసు. ఒంటికి నీరు పట్టడానికి కారణం తాగే నీళ్ళేనని మా అత్తయ్య నమ్మకం. ఉప్పుతో, కారంతో నాలుక మండుతుంటే ఇంకో గ్లాసు అడిగాను. "ఆ చెయ్యి చూసుకుని అడుగు" అంది.

పెద్దవాళ్ళు వస్తే మంచం మీద కాళ్ళు చాపి పడుకోవడం మర్యాద కాదు. అందుకని ఎవరు వచ్చినా లేచి కుర్చీలో కూర్చునేదాన్ని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. దిండ్లు మంచం మీదే ఉండిపోయేవి. పిడికిలి మూసి తెరుస్తుంటే, "అదేంటమ్మా ఆ పిసుకుడు" అని ఒక ముసలాయన అడిగాడు. మానేశాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీరు దిగుతూనే ఉంది. స్లీవు మణికట్టు దగ్గర ఆగిపోతుంది కాబట్టి, అక్కడ అదిమిన నీరంతా అరచేతి వెనక్కి తోసుకొచ్చింది.

స్లీవు సంగతి ఇంకా దరిద్రం. చంక దగ్గర కుట్ల నుంచి కాస్త రసి కారి గుడ్డకు అంటి ఎండేది. అట్టకట్టిన ఆ మరక కదిలినప్పుడల్లా గీరుకునేది. కల్లాల మీద మిరపకాయలు ఎండుతున్న రోజులవి. గాలిలో కారం. దగ్గొస్తే చంకలో కుట్లు లాగేవి, తుమ్మొస్తే కళ్ళ వెంట నీళ్ళు. వాడరేవులో చేపలు ఎండబెట్టే చోట ముక్కు మూసుకుని నడిచిన వాళ్ళకు నా స్లీవు వాసన చెప్పక్కర్లేదు. అది నా ఒంటి నుంచే వస్తోంది. మూసుకుని ఎటు పోను.

వాపు ఎక్కువైందని పక్కింటావిడ జిల్లేడాకులు కోసుకొచ్చింది. మా అత్తయ్య వాటికి ఆముదం రాసి, పెనం మీద వెచ్చబెట్టి, నా చేతి వెనక పరిచి గుడ్డ చుట్టింది. ఆకు వేడికి మెత్తబడి, జిడ్డుగా, చల్లారాక జలగలా అంటుకుంది. గుడ్డ విప్పితే పచ్చటి నూనె గాజుల మధ్యకు కారింది. గాజులు అప్పటికే కదలడం లేదు. నేను వాటిని తిప్పబోయాను. తిరగలేదు.

"అత్తయ్యా, తీసేద్దాం వీటిని."

"శుక్రవారం వేసినవి ఇంతలోనే తీస్తారా? వాపు దిగుతుందిలే. పెదకాకాని శివుడికి మొక్కుకున్నా."

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని కాసేపు, దిండు కింద నుంచి కత్తెర తీశాను. రోజూ ఒకసారి అలా చూసుకుంటున్నాను. అంతకు ముందురోజు దాకా బొటనవేలు రింగు అంచు మీద ఆగేది. ఒత్తితే నొప్పి పుట్టేది. ఆ రోజు ఒత్తాను. నొప్పి పుట్టలేదు. ఇంకా ఒత్తాను. రింగు అంచు వేలి కండలోకి దిగి గాటు పడింది గానీ, అది ఇంకెవరి వేలో అన్నట్టుంది. అప్పుడు గోరు చూశాను. నేరేడుపండు రంగు. పక్క వేళ్ళు చల్లగా, నీలంగా ఉన్నాయి. మణికట్టు దగ్గర గాజులు కనపడ్డం లేదు. రెండు వైపులా కండ ఉబ్బి, మధ్యలో ఆకుపచ్చ గీతలు మాత్రం మిగిలాయి.

నాకు భయం కంటే ముందు వచ్చింది అసహ్యం. బతికున్న ఒంటికి చచ్చిన వేలు అతికించినట్టు ఉంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకోబుద్ధి కాలేదు.

కల్లం దగ్గరున్న మా ఆయనకి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆయన వచ్చేలోగా అత్తయ్య కూడా వచ్చింది. ఎడమ చేతి గాజులు సబ్బుతో ఎలాగో జారాయి. కుడి చేతివి జారలేదు. సబ్బు, ఆముదం, కొబ్బరినూనె, అన్నీ అయ్యాయి. గట్టిగా లాగితే చర్మం చిట్లేలా ఉంది. మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"గాజులా? ఎవరు వేసుకోమన్నారు మిమ్మల్ని?"

అత్తయ్య కొబ్బరినూనె సీసాకు మూత పెట్టింది.

"వేళ్ళు చల్లగా ఉన్నాయా? రంగు మారిందా? అయితే పగలగొట్టండి. కింద గుడ్డ పెట్టి, జాగ్రత్తగా. ఇప్పుడే. పగలగొట్టి వెంటనే తీసుకురండి."

ఫోన్ పెట్టేశాక మా అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది, మేమేదో పారిపోతామన్నట్టు.

"మొగుడుండగా గాజులు పగలగొడతారా ఎక్కడైనా? ఒరేయ్, నీకేమన్నా మతి పోయిందా? నా చేతివి ఒకసారి పగలగొట్టారు, రాయి మీద పెట్టి. ఆ చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. ఈ ఇంటికి అది చాలు."

ఆయన నా చెయ్యి చూశారు. వాళ్ళమ్మను చూశారు. మళ్ళీ నా చెయ్యి చూశారు.

"సబ్బు పెట్టి ఇంకోసారి చూద్దామే" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి కోపం వచ్చిన రోజులున్నాయి, నవ్వొచ్చిన రోజులున్నాయి. అసహ్యం వేసింది ఆ ఒక్కసారే. ఎరువుల కొట్లో లెక్క తప్పితే నిలదీసే మనిషి, మిర్చి యార్డులో తేమ శాతం మీద కమీషన్ వ్యాపారితో పోట్లాడే మనిషి, ఆ పన్నెండు గాజుల దగ్గర తన ప్రాణం ఎంత ఉందోనని బేరీజు వేసుకుంటున్నాడు. నమ్మకం ఉండి కాదు. ఒకవేళ నిజమైతే అని.

"ఏవండీ" అన్నాను. "నా వేళ్ళు పోతే మీరు ఎన్నేళ్ళు ఎక్కువ బతుకుతారో లెక్క చెప్పండి. నాకు సరే అనిపిస్తే ఉంచుకుంటా."

"అలా మాట్లాడకు."

"అయితే మోటారు దగ్గర వాడే కటింగ్ ప్లయర్ తీసుకురండి."

తెచ్చారు. నా లైనింగు గుడ్డలోంచి సన్నపు పట్టీ ఒకటి చించి, చీపురుపుల్లతో మెల్లగా గాజుల కిందకి తోశాను. ఎక్కడ సందు దొరికితే అక్కడ. మీద ఇంకో గుడ్డ కప్పి, ప్లయర్ ఎడమ చేత్తో పట్టుకుని మొదటి గాజు మీద పెట్టాను. నొక్కలేకపోయాను. ఎడమ చంకలో కుట్లు భగ్గుమన్నాయి. ఎడమ చేతికి మాత్రం బలం ఎక్కడిది, అదీ కోసిన చెయ్యే.

మా అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి మిక్సీ చప్పుడు మొదలైంది. లోపల ఏమీ వేయని మిక్సీ. ఖాళీ జారు గరగరమని తిరుగుతూనే ఉంది.

అప్పుడు ఆయన తన చెయ్యి నా చేతి మీద పెట్టి నొక్కారు. తల గుమ్మం వైపు తిప్పుకుని. కల్లంలో మిరపకాయలు తిరగేసిన చెయ్యి అది, కడుక్కున్నా పోని కారం. నా వేళ్ళ మధ్య చర్మం మండింది. మొదటి గాజు గుడ్డ కింద పుటుక్కుమంది. రెండోది. మూడోది. మిక్సీ ఆగలేదు. అన్నీ అయ్యేసరికి గుడ్డ మీద ఆకుపచ్చ ముక్కలు, నూనె, రెండు చోట్ల రక్తపు చుక్కలు. మణికట్టు చుట్టూ గట్లు గట్లుగా చాళ్ళు పడ్డాయి, దున్నిన నేలలా. వేళ్ళలోకి రక్తం వచ్చింది. మంటలాగా, చీమల్లాగా వచ్చింది. నాలుగు వేళ్ళకి వచ్చింది. బొటనవేలికి రంగు వచ్చింది గానీ చీమలు రాలేదు.

గుంటూరు వెళ్ళేసరికి సాయంత్రమైంది. డాక్టరమ్మ వేళ్ళన్నీ గిల్లి చూసి, రక్తం బాగానే ఆడుతోందంది. కుడి చంక కింద నీరు చేరిందని సూదితో లాగింది. సిరంజిలోకి వచ్చింది పలచటి పసుపు నీరు, అచ్చం ఆముదం రంగు. చూడొద్దనుకున్నాను. సిరంజి మీద గీతలు ఉంటాయి కదా, ఏ గీత దాకా వచ్చిందా అని చూడకుండా ఉండలేకపోయాను.

"బొటనవేలికి వెళ్ళే నరం నొక్కుకుపోయింది. స్పర్శ నిదానంగా వస్తుంది" అంది డాక్టరమ్మ.

"వస్తుందా?"

"రావాలి. ఎక్కువమందికి వస్తుంది."

"ఎంతమందికి?"

"అంత లెక్క నా దగ్గర లేదమ్మా."

అరచెయ్యి కూడా పట్టి ఉంచే తొడుగు ఇచ్చింది. గాజుల సంగతి మా ఆయనకి మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ తల ఊపారు. ఆ తల ఊపుడు నేను చూడలేక గోడ వైపు తిరిగాను.

ఇంటికొచ్చాక జనాన్ని రానివ్వలేదు. మంచం మీదే పడుకున్నాను, కాళ్ళు ఎటు చాపితే ఎవరికేం. చేతులు దిండ్ల మీద, నీళ్ళ చెంబు పక్కన. పిడికిలి మూశాను, తెరిచాను. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసి, "ఏంటి వదినా, పిండి పిసుకుతున్నావా?" అంది. కర్టెన్ వేయమన్నాను. మా అత్తయ్య వేసింది. నాతో మాట్లాడ్డం లేదు గానీ పథ్యం ఆపేసింది. పెరుగన్నం పెట్టేది. ఆ గాజు ముక్కలన్నీ ఏరి ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు, అడగలేదు. ఒక పొద్దున చూస్తే కొత్త గాజులు డజను, నా మిషన్ మీద దారపుండలు గుచ్చే కడ్డీకి తగిలించి ఉన్నాయి. ఎరుపువి. నా మీద లేకపోతే నా వస్తువు మీదైనా ఉండాలనుకుందేమో. ఆవిడ అటు చూడకుండా, "వాటిని తీయకు" అంది. నేను తీయలేదు.

వాపు దిగింది. పొద్దున తక్కువ, సాయంత్రం కాస్త ఎక్కువ, అలా ఊగుతూ ఊగుతూ దిగింది. టేపు పెట్టి చూసేదాన్ని. పావు అంగుళం తగ్గితే దాన్ని నమ్మడానికి మళ్ళీ కొలిచేదాన్ని. చర్మం వదులై పొట్టు రాలడం మొదలైంది. వేళ్ళ మధ్య నుంచి తెల్లటి పొరలు ఊడి దుప్పటి మీద పడేవి. ఉల్లిపొరల్లా ఉండేవి. దులిపితే గాలికి లేచి అన్నం పళ్ళెం దాకా వచ్చేవి. కత్తెర దిండు కిందే ఉంది. ఒకరోజు బొటనవేలు రింగులోకి దూరింది. ఆగకుండా దూరింది. కానీ దూరినట్టు కంటికి తప్ప వేలికి తెలియలేదు. పాత చీర ముక్క ఒకటి తీసుకుని కత్తిరించి చూశాను. గీత మీద మొదలైన కత్తెర అర అంగుళం పక్కకి పోయింది. ముక్క విసిరేశాను. మా ఆయన అది తీసి మడిచి బల్ల మీద పెట్టారు. పెట్టి, అక్కడే కాసేపు నిలబడ్డారు. నేనేమైనా అంటానేమోనని. గాజుల దగ్గర ఆయన బేరీజు వేసుకోవడం నేను చూశాను. చూసిన దాన్ని చూడనట్టు ఉండడం నాకు చేత కాదు. చెరిపేయడానికి అది చాక్ గీత కాదు.

ఆ తర్వాత కూడా రోజూ కత్తెర తీసేదాన్ని. తీయడం, వేలు దూర్చడం, కళ్ళు మూసుకోవడం. రింగు ఎక్కడుందో చెప్పమని వేలినే అడిగినట్టు. ఏమీ లేదు. దూదిలో పెట్టినట్టు.

మిరప కల్లాలు ఎత్తేసిన తర్వాత ఒక మధ్యాహ్నం, గాలిలో ఘాటు కూడా తగ్గింది, అలాగే కళ్ళు మూసుకుని వేలు దూర్చాను. వేలి పక్కన, గోటి కింద, ఏదో అంటింది. తీస్తే సాగింది. మా అత్తయ్య తుప్పు పట్టకుండా రాసిన ఆముదం. ఇన్నాళ్ళూ దిండు కింద దుమ్ము, పొట్టు, వెంట్రుకలు పట్టి జిగురులా చిక్కబడి ఉంది. ఆ జిడ్డు, ఆ జిగట, వేలి చివరికి స్పష్టంగా తగిలింది. నాకు ఒళ్ళు జలదరించి రోత పుట్టింది. వేలు తీసి చూసుకున్నాను. మళ్ళీ దూర్చాను. మళ్ళీ అదే రోత.

లేచి వెళ్ళి కత్తెరను కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. బల్ల మీద లైనింగు గుడ్డ పరిచాను. గీత గీశాను. గీత మీద చెయ్యి వాలింది, ఈసారి ఏదీ చెరగలేదు.